మెట్ల మీద ఒక్కరే

కామాటిపుర తొమ్మిదో గల్లీలో తుకారాంను చూసి భయపడనివాళ్ళు తక్కువ. తుకారాం భయపడని వస్తువులు అంతకంటే తక్కువ. బల్లికి భయం, ఖాకీ చొక్కాకు భయం, లోకల్ రైల్లో తలుపు దగ్గర నిలబడాలంటే భయం, ఆస్పత్రి వాసనంటే భయం. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా పొద్దుగూకాక గల్లీ చివరి నల్లా దగ్గరికి వెళ్ళాలంటే కూనిరాగం తీసుకుంటూ వెళ్ళేవాడు. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే, తల్లి గంగాబాయికి, పెళ్ళాం స్నేహల్‌కి. మిగతా లోకానికి కనిపించేది ఆ మెడ, ఆ భుజాలు, చొక్కా చేతులు పిగిలిపోయేలా ఉండే ఆ జబ్బలు.

ఆ ఒళ్ళు కూడా భయంలోంచి పుట్టిందే. పద్దెనిమిదేళ్ళ వయసులో గల్లీ మొగన ఇద్దరు తాగుబోతులు ఊరికే, సరదాకి, అతని కాలర్ పట్టుకున్నారు. తుకారాం నిలబడ్డవాడు నిలబడ్డట్టే లాగు తడుపుకున్నాడు. మర్నాడే గ్రాంట్ రోడ్ స్టేషన్ అవతల ఉన్న జిమ్‌లో చేరాడు. ఇరవై ఏళ్ళు మానలేదు. తండ్రీ తాతా తెలుగు పల్లెల నుంచి వలసొచ్చి, ఇసుక తట్టలు మోసి ఈ మహానగరం కట్టినవాళ్ళు, వాళ్ళ ఒళ్ళు ఎండుకట్టెలు. వీడి ఒళ్ళు చూసి గంగాబాయి మురిసిపోయేది. "మా వంశంల తిని బలిసినోడు వీడొక్కడే" అని నల్లా దగ్గర పదిమందికీ చెప్పుకునేది.

ఉద్యోగమూ ఆ ఒళ్ళే ఇచ్చింది. పెళ్ళిళ్ళకూ హోటళ్ళకూ బౌన్సర్లను పంపే కంపెనీ ఒకటి అతనికి నల్ల చొక్కా తొడిగి తలుపు దగ్గర నిలబెట్టేది. ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టాల్సిన పని ఏనాడూ పడలేదు. చేతులు కట్టుకుని నిలబడితే చాలు, గొడవ పెట్టుకుందామని వచ్చినవాడు ఇంకో దారి చూసుకునేవాడు. లోపల గుండె ఎలా కొట్టుకుంటోందో బయటివాడికి వినపడదు గదా.

వాళ్ళది మూడంతస్తుల పాత చాల్, గదికొక కుటుంబం ఉండే కట్టడం. గది అన్నిటికంటే పైన. మెట్లు కొయ్యవి, నిటారుగా, ఒక మనిషి భుజాలు రెండు వైపులా రాసుకునేంత ఇరుకుగా ఉంటాయి. గంగాబాయి రెండేళ్ళ కిందట గది మూల స్నానానికి కట్టిన మోరీ దగ్గర కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక నలుగురు మగవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి, ముందొకరు వెనకొకరుగా వంతులేసుకుని పైకి మోసుకొచ్చారు. అంతే, మళ్ళీ దిగలేదు. ఆ కాలు ఆమె బరువు మోయదు. కిటికీ పక్క మంచం మీద కూర్చునే ఇల్లంతా, గల్లీలో సగమూ ఏలేది.

నిరుడు వానల్లో గ్యాసు బండ మోసుకొస్తున్న మనిషి కాలి కింద, రెండో అంతస్తు మలుపులో, మెట్టు విరిగింది. పాపం, బండతో సహా కిందికి దొర్లి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చాల్ కమిటీ పెద్ద నర్సింహులు, కింది అంతస్తు ఆయన, విరిగిన చోట కొత్త పలక కొట్టించి, అడుగున దూలాలు ఆనించి, ఒక కట్టుబాటు పెట్టాడు. మెట్ల మీద ఒక్కసారికి ఒక్కరే. దిగేవాళ్ళు పైనుంచి "దిగుతున్న" అని కేకెయ్యాలి, ఎక్కేవాళ్ళు కిందనుంచి "ఎక్కుతున్న" అని కేకెయ్యాలి, రెండోవాళ్ళు ఎంత తొందరున్నా ఆగాలి. అది ఎంత అలవాటైపోయిందంటే, పిల్లలు బడి మెట్ల దగ్గర కూడా కేకలేస్తున్నారని టీచరమ్మ ఫిర్యాదు పంపింది.

ఖాళీ చేయమని సర్కారు నోటీసు గోడకు అంటించి పోయింది. ఒక్కరూ కదల్లేదు. అలా ఖాళీ చేసి ఊరి చివరి క్యాంపులకు పోయినవాళ్ళు మళ్ళీ కామాటిపుర మొహం చూడలేదని అందరికీ తెలుసు. ఒకరోజు కమిటీ కూర్చున్నప్పుడు ఎవరో గంగాబాయి సంగతి ఎత్తారు. కూలితే ముసలామె ఎలా దిగుతుంది, ఫైర్ బ్రిగేడ్‌ను పిలిచి ముందే దింపుదామా అని.

"వాళ్ళొస్తే ఒక్క ముసల్దాన్నే దింపరు" అన్నాడు నర్సింహులు. "మనందర్ని దింపి తాళమేసి పోతరు. అయినా మనకు ఫికర్ ఏంది? తుకారాం లేడా? ఆ ఒళ్ళు జూడుండ్రి. తల్లిని చంకల పెట్టుకొని దిగుతడు."

అందరూ నవ్వారు. తుకారాం కూడా నవ్వాడు. కానీ అందరికంటే ముందు ఆపేశాడు.

ఎందుకు ఆపేశాడో చలికాలంలో తేలిపోయింది. రోజూ స్నేహల్, పక్కగది యాదమ్మ చెరొక రెక్కా పట్టుకుని గంగాబాయిని మోరీ దగ్గరికి నడిపించేవాళ్ళు. ఆ రోజు యాదమ్మ పనిమీద పోయింది, స్నేహల్ చెయ్యి బెణికింది. "మీరున్నరు గదా, అహో, జర ఎత్తుకోండి" అంది స్నేహల్, మొగుణ్ణి మరాఠీలో పిలుస్తూ. తుకారాం వంగి తల్లిని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. మూడో అడుగుకే నడుము పట్టు తప్పింది, తొడలు గజగజలాడాయి, అద్దంలో అంత ముద్దుగా కనిపించే ఆ జబ్బలు తడిసిన తాళ్ళలా జారిపోయాయి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గంగాబాయి కింద పరిచి ఉన్న పరుపు మీదికే జారింది కాబట్టి సరిపోయింది.

పైన పటారం, లోన లొటారం. ఇరవై ఏళ్ళ కష్టం మూడడుగులు రాలేదు. సిగ్గు సంగతి అలా ఉంచితే, తుకారాం మర్చిపోలేనిది తల్లి చూపు. ఆమె ఎప్పుడూ దేనికీ బెదిరిన మనిషి కాదు. ఆ రోజు నోరు తెరిచి ఒక్క తిట్టు తిట్టలేదు, ఊరికే అతని చేతుల వంక చూసింది. కొడుకు చేతుల్లో ఉన్నందుకు తల్లి భయపడింది.

అప్పట్నుంచి అతనికి తిండి సహించలేదు. పక్కింటివాళ్ళు పీట జరిపినా గోడ కూలుతోందేమోనని ఉలిక్కిపడేవాడు. డ్యూటీలో తలుపు దగ్గర నిలబడి ఫోన్ మోగితే చాలు, చాల్ పడిపోయిందనే కబురేననుకుని ఎత్తడానికి వెనకాడేవాడు. వానాకాలం ఇంకా ఎంతో దూరంలో ఉంది, అయినా ఆకాశంలో మబ్బు కనిపిస్తే ప్రాణం ఉసూరుమనేది.

జిమ్‌లో ఒక మూల కాజల్ అనే అమ్మాయి సాధన చేస్తుండేది. పన్నెండో గల్లీ పిల్ల, పవర్ లిఫ్టింగ్ పోటీలకు వెళుతుంది. చూడ్డానికి మామూలుగా ఉంటుంది. ఇనుప కడ్డీకి రెండు వైపులా చక్రాలు ఎక్కించి, మూడుసార్లు లేపి, తర్వాత చాలాసేపు బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతుంది. "ఇది ఎక్సర్‌సైజా, పిక్నిక్కా" అని తుకారాం ఆమె వెనక ఎన్నోసార్లు వేళాకోళం చేశాడు. ఇప్పుడు ఆ బల్ల దగ్గరికే వెళ్ళి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి, మెట్ల కట్టుబాటుతో సహా జరిగింది చెప్పాడు.

కాజల్ నవ్వలేదు. "మీ అవ్వ ఎంత బరువుంటది?" అంది.

"డెబ్బై ఉంటదేమో."

"నువ్వు, దాదా?"

"తొంభై ఆరు" అన్నాడు, అంత బాధలోనూ కొంచెం గర్వంగానే.

"నిరుడు పడ్డ గ్యాసతను?"

"బక్కోడు. అరవై ఉంటడు."

"బండ ముప్పై. అంటే తొంభైకే మెట్టు ఇరిగింది. నువ్వొక్కనివే తొంభై ఆరు. అవ్వను ఎక్కించుకుంటే ఎంతయితది? మీ నర్సింహులు మామ ఒక్కసారికి ఒక్కరే అన్నడు గని, ఒక్కరంటే ఎంత బరువో చెప్పిండా?"

తుకారాం వేళ్ళ మీద కూడుకున్నాడు, నూట అరవై ఆరు. ఇన్నాళ్ళుగా చాల్ మొత్తం తలకాయలు లెక్కపెట్టింది గానీ బరువు లెక్కపెట్టలేదు. తల్లిని వీపున వేసుకుని దిగితే, కట్టుబాటు ప్రకారం మెట్ల మీద ఉన్నది ఒక్కడే. అందరి ధైర్యమూ ఆ ఒక్కడి మీదే. ఆ రోజు ఇంటికి వచ్చి మెట్ల కింద నిలబడి "ఎక్కుతున్న" అన్నాడు. ఎంత పీలగా అన్నాడంటే పైనుంచి యాదమ్మ తొంగి చూసి, "ఏమైంది అన్నా, జరమొచ్చిందా" అని అడిగింది. పాదం మధ్యలో పెట్టకుండా, పలక గోడలోకి దిగిన అంచున పెట్టుకుంటూ దొంగలా ఎక్కాడు. గదిలోకి వచ్చాక స్నేహల్‌ను దగ్గరికి పిలిచి గ్యాసతని లెక్కంతా చెప్పాడు. గంగాబాయి కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

మర్నాటి నుంచి కాజల్ అతన్ని తన మూలకు లాక్కుంది.

"ఇరవై ఏండ్ల సంది నువ్వు కండ పెంచినవ్" అంది. "పన్నెండు సార్లు, పదిహేను సార్లు లేపుడు, జర ఆగుడు, మల్ల లేపుడు, నరాలు ఉబ్బేదాక. అది తప్పు కాదు, కండ గట్లనే పెరుగుతది. గని పెద్ద బరువు ఒక్కపారి లేపుమంటే దానికి తెల్వదు. నీ ఒంట్ల మనుషులు మస్తుగున్నరు దాదా, అందరు కలిసి గుంజుతలేరు. అది నేర్పాలె. బరువు ఎక్కువ, లేపుడు తక్కువ. మూడు, నాలుగు, బస్. నడుమ మంచిగ కూసొని దమ్ము తీసుకో."

"మరి ఒళ్ళు?"

"ఒళ్ళు పెంచకుంట బలం పెంచుదాం. తిండి జర తగ్గియ్యి. ఒళ్ళు పెరిగితే మెట్టుకే భారం."

మొదటిరోజు కడ్డీ భుజాల మీద పెట్టుకుని గొంతుక్కూర్చోమంది. తుకారాం కడ్డీ కిందికి దూరాడు, మెడ వెనక ఇనుము చల్లగా తగిలింది, అంతే. వెనక్కి వచ్చేసి బాత్రూంలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. చేతులతో లేపే బరువును భయమేస్తే వదిలెయ్యొచ్చు. భుజాల మీదున్నదాన్ని వదలడానికి లేదు, లేవాలి, లేకపోతే కింద నలగాలి. బయటికి వచ్చాక, "నాకు కూడ ప్రతిసారి భయమే" అంది కాజల్, మామూలుగా. "రెండు దిక్కుల ఇనుప కమ్మీలున్నయ్, పడితే అవి పట్టుకుంటయ్. చలా." మా మెట్లకు అలాంటి కమ్మీలు లేవు తల్లీ అనుకున్నాడు, కానీ అనలేదు.

తొడల సంగతి మరీ అన్యాయం. ఇన్నేళ్ళూ వాటిని పట్టించుకోలేదు, ప్యాంటు లోపల ఎవరికి కనిపిస్తాయని. కాజల్ వాటినే పట్టుకుంది. ఒక బస్తాలో ఇసుక నింపి, అతని వీపుకు కట్టించి, కొయ్యపెట్టె మీదినుంచి మెల్లగా, మరీ మెల్లగా దిగమనేది. ఎక్కేటప్పుడు బలం తోస్తే చాలు, దిగేటప్పుడు కాలు బ్రేకు లెక్క పనిచెయ్యాలని చెప్పేది. కడ్డీ బుద్ధిగా ఉంటుంది, ఇసుక అటూ ఇటూ కదులుతుంది, మనిషి అంతకంటే ఎక్కువ కదులుతాడు. అందుకే ఇసుక. తుకారాం పొరపాటున గబుక్కున కాలు దింపితే, "అవ్వ పడ్డది" అనేది. ఆ మాట వినగానే అతను మళ్ళీ పెట్టె ఎక్కేవాడు. అతనికి ఇంకే తిట్టూ అక్కర్లేకపోయింది.

హోలీ పోయింది, ఎండలు ముదిరాయి. బలం వస్తోందని తుకారాంకే తెలిసింది. "సరుకు ముందే ఉండె, అందుకే జల్ది వస్తుంది" అంది కాజల్. "ఇంత లేపడానికి నాకు మూడేండ్లు పట్టింది." అంటే ఆ ఇరవై ఏళ్ళూ పూర్తిగా గంగలో కలవలేదన్నమాట. కానీ ఒళ్ళు తగ్గింది. తిండి తగ్గించడం వల్ల, నరాలుబ్బే ఆ పాత కసరత్తు మానడం వల్ల, చొక్కా చేతులు వదులయ్యాయి. కంపెనీ సూపర్‌వైజర్ ఎగాదిగా చూసి, "తబియత్ బాగలేదా" అని అడిగాడు. రెండోసారి అడగలేదు, ముందు తలుపు నుంచి తీసి బండ్లు పెట్టే చోటికి పంపాడు. ఆరడుగుల మనిషి, బలం ఇంతకు ముందుకంటే రెట్టింపు, అయినా చూసేవాడికి అది కనిపించదు. తుకారాంకు ఇదో కొత్త భయం. ఒళ్ళు లేకపోతే తను ఎవరు? ఆ తాగుబోతులు కాలర్ పట్టుకున్న కుర్రాడేనా? జనం ఇప్పుడు గల్లీలో అతనికి దారి ఇవ్వడం మానేశారు, లేక అతనికే అలా అనిపించిందో.

ఇంట్లో ఇంకో బెంగ మొదలైంది. గంగాబాయి సరిగ్గా తినడం లేదు. జొన్నరొట్టె సగం తుంచి పక్కన పెట్టేది. పండ్లు లేవనేది, అరగడం లేదనేది, ఒక్కోసారి నోరు బాగలేదనేది. రవికె భుజాల మీదినుంచి జారుతోందని స్నేహల్ దారంతో కుట్టి బిగించింది. "ఆయీకి ఏదో రోగం తగిలింది, డాక్టర్‌ను పిలుద్దాం" అని పోరింది. డాక్టర్ మూడంతస్తులూ ఎక్కి వచ్చి, వయసు మీద పడిందని బలం మందులు రాసి పోయాడు. తుకారాంకు తల్లి వంక చూడాలంటే దిగులు. ఆ దిగులు మధ్యలో ఒకసారి, ఒక్క క్షణం, పోనీ బరువు తగ్గుతోంది గదా అనిపించింది. అనిపించగానే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. తల్లి చిక్కిపోతుంటే తేలికైందనుకున్న కొడుకు కంటే ఆ తాగుబోతులే నయం.

జూన్ రాకముందే కాజల్ చెప్పేసింది. "ఇగ తయారే. మంచిగ ఎండున్నప్పుడే అవ్వను దింపు. వానల దాక ఆగొద్దు." ధారావిలో స్నేహల్ అన్న ఇంట్లో, కింది అంతస్తులో, ఒక గది కూడా ఖాళీగా ఉంది. అయినా తుకారాం ఇవాళ కాదు, ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అంటూ జరుపుతూ వచ్చాడు. అమావాస్య అన్నాడు, డ్యూటీ ఉందన్నాడు. మెట్లెక్కిన ప్రతిసారీ రెండో అంతస్తు మలుపులో కొత్త పలక కిందినుంచి కిర్రుమనే చప్పుడు వినేవాడు. భయం. ఇంకేం లేదు.

గంగాబాయీ సాయం చేయలేదు. "కోడలు చూస్తుంటే కొడుకు ఈపు మీద ఎక్కుతనా? నేను దిగితే నడిచి దిగుత, లేకుంటే నలుగురు మోస్తే దిగుత" అనేది. నలుగురు మోయడమంటే ఏమిటో తెలిసిన స్నేహల్ ఆ మాట వినగానే గోడను తాకి దండం పెట్టుకునేది.

జులైలో ఆ వాన పట్టుకుంది. నాలుగు రోజులు తెరిపి లేదు. అయిదో రోజు మధ్యాహ్నం అన్నాలవేళ, చాల్ వెనక వైపు పెద్ద చప్పుడైంది. కాసేపటికి కిందనుంచి నర్సింహులు గొంతు, ఎప్పుడూ అరవని మనిషి, అరుస్తున్నాడు. వెనక గోడ పగిలి చెయ్యి దూరేంత సందు వచ్చింది. సామాన్లు వద్దు, అందరూ దిగండి, ఒక్కసారికి ఒక్కరే.

ఎవరూ తోసుకోలేదు. ఆ కట్టుబాటు ఆ రోజు చాల్‌కు ప్రాణం పోసింది. "దిగుతున్న" అని ఒక గొంతు, కాసేపటికి ఇంకో గొంతు, పిల్లల గొంతులు, ముసలి గొంతులు. పై అంతస్తు వాళ్ళ వంతు ఆఖరున వచ్చింది. తుకారాం తల్లి మంచం పక్కన నిలబడి ఒక్కొక్క గొంతూ వింటున్నాడు. పైకప్పు నుంచి సున్నం పొడిలా రాలుతోంది. యాదమ్మ దిగింది. స్నేహల్ కాళ్ళు కదలక నిలబడిపోతే, "పో, నువ్వు దిగితేనే మేం దిగేది" అని కసిరాడు. ఆమె కేక కిందికి చేరేదాకా ఆగాడు.

"అవ్వా, రా."

గంగాబాయి ఈసారి ఏమీ అనలేదు. అతను మంచం ముందు గొంతుక్కూర్చున్నాడు, ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. పాత చీరతో ఆమెను నడుముకు బిగించి కట్టుకున్నాడు. ఊపిరి బిగపట్టి లేచాడు. ఎంత తేలిగ్గా లేచాడంటే తనకే నమ్మకం కలగలేదు. ఇసుక బస్తా కంటే తేలిక. కాజల్ చేయించిన చాకిరీ ఊరికే పోలేదనుకున్నాడు, ఆ భయంలోనూ ఒక్క వెలుగు వెలిగింది లోపల.

"దిగుతున్న" అని కేకేశాడు. వినడానికి పైన ఎవరూ లేరు.

గోడ అంచున పాదం. మెల్లగా. రెండో పాదం. మెల్లగా. తల్లి ఊపిరి చెవి పక్కన వేడిగా తగులుతోంది, పోచమ్మ పేరు గొణుగుతోంది. గోడ చెమ్మకు భుజం జారుతోంది. మొదటి వరుస మెట్లు అయ్యాయి. మలుపు వచ్చింది. గోడ అంచుకు పాదం పెట్టబోతే అక్కడ గోడే లేదు, పెచ్చులూడి పలక చివర గాల్లో వేలాడుతోంది. మధ్యలోనే పెట్టాలి. పెట్టాడు. కిర్రుమంది. పెళ్ళుమంది. కుడికాలు పిక్క దాకా కిందికి దిగిపోయింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఎడమకాలు పై మెట్టు మీద పూర్తిగా ముడుచుకుని ఉంది, కుడికాలు చీలిన పలకల మధ్య వేలాడుతోంది, వీపు మీద తల్లి. కాలి కింద ఖాళీ, ఆ ఖాళీలో కింది అంతస్తు చీకటి. ఆమె గోళ్ళు అతని మెడలో దిగాయి, అయినా అరవలేదు. తుకారాంకు ఏడుపొచ్చింది. ఎవరైనా వచ్చి పట్టుకుంటే బాగుండుననిపించింది, ఎవరూ రాకూడదని తెలుసు. వస్తే వాళ్ళ బరువూ ఈ మెట్ల మీదే పడుతుంది.

భుజాల మీదున్నదాన్ని వదలడానికి లేదు. లేవాలి. ఛాతీ బిగించాడు, ముడిచిన ఆ ఒక్క ఎడమకాలి మీద, ఒక్కసారి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి లేచాడు. పలక చీల్చుకుంటూ కుడికాలు బయటికి వచ్చింది, రక్తం కారుతూ. విరిగిన మెట్టు దాటి తర్వాతి దాని మీదికి దాన్ని దింపాడు, గబుక్కున కాదు, మెల్లగా. ఆ మెట్టు నిలిచింది. మిగిలిన మెట్లు ఎలా దిగాడో అతనికి జ్ఞాపకం లేదు. వానలోకి వచ్చాక కూడా గోడ అంచు కోసం వెతుక్కుంటూ మెల్లగానే అడుగు వేశాడు.

ఎదురుగా మూసి ఉన్న దుకాణం రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. గంగాబాయిని దాంట్లో కూర్చోబెట్టారు. నర్సింహులు వచ్చి తుకారాం వీపు తట్టి, "నేను అప్పుడే చెప్పలే?" అన్నాడు. ఆయన్ని తిట్టడానికి కూడా తుకారాంకు ఓపిక లేదు. స్నేహల్ చున్నీ చింపి అతని పిక్కకు కట్టు కట్టింది. చాల్ వైపు ఎవరూ చూడనట్టే ఉన్నారు, అందరూ చూస్తూనే ఉన్నారు.

యాదమ్మ ఎక్కడినుంచో ఒక పొట్లం నిండా వడాపావ్‌లు, గిన్నెలో చాయ్ తెచ్చింది. అత్తకు అరగదేమోనని స్నేహల్ సగం తుంచి ఇవ్వబోయింది. గంగాబాయి మొత్తం లాక్కుంది. ఒకటి అయిపోయింది. రెండోది అయిపోయింది. చేతి వేళ్ళకంటిన పొడి కూడా నాకింది. మూడోదానికి చెయ్యి చాచింది.

"మెల్లగ తిను అవ్వా, గొంతుకు పడతది" అన్నాడు తుకారాం.

"ఆకలైతుంది రా తుక్యా. హోలీ కాడికెల్లి కడుపు నిండ తినలే."

"అరుగుతలేదంటివి గదా."

"అరగక ఏమైంది? రాళ్ళు తిన్నా అరుగుతయ్ నాకు." ఆమె వాన వంక చూస్తూ నములుతోంది. "మంచం మీద పడుకున్న గని చెవులు పనిచేస్తయ్. తొంభైకే ఇరిగిందంటివి, నేను డెబ్బై అంటివి. నీ బరువు నువ్వు తగ్గించుకుంటున్నవ్. నా బరువు ఎవరు తగ్గించాలె? నువ్వు పడితే నా గతేంది అని కాదు రా. నువ్వు పడుతవని."

ఎంత తేలిగ్గా లేచాననుకున్నాడు తుకారాం. ఇసుక బస్తా కంటే తేలిక అనుకుని వెలిగిపోయాడు. ఆ వెలుగులో ఎంత తన తొడలది, ఎంత ఆమె ఆకలిది, అతనికి ఎప్పటికీ తెలియదు. కుర్చీ పక్కన నీళ్ళలోనే కూలబడి, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడువకు. చాల్ లోపల ఇంకా ఎవరన్న మిగిలిండ్రా అని జనం అనుకుంటరు" అంది గంగాబాయి. ఆమె చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. "ఇంకొకటి ఇయ్యి. కిందికొచ్చినం గదా. ఇగ తింట."